గునపానికి అంటిన బురద: ఒక మార్కెట్ రోడ్డు కేస్ స్టడీ

నేను మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగంలో పనిచేస్తాను. కోస్తాలోని ఒక చిన్న మున్సిపాలిటీలో అసిస్టెంట్ ఇంజినీరుగా ఉన్నప్పటి వ్యవహారం ఇది. ఊరి పేరు, సంవత్సరాలు, మనుషుల పేర్లు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఇందులో నేను గట్టిగా నమ్మి చేసిన రెండు పనులు తప్పని తేలాయి. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

బస్టాండు దగ్గర మొదలై కూరగాయల మార్కెట్ గేటు దగ్గర ముగిసే రోడ్డు అది. 640 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు తారు. రెండు వైపులా తారును ఆనుకుని మీటరున్నర మట్టి అంచు (దీన్నే బెర్ము అంటాం), ఆ పక్కన మురుగు కాలువ, కాలువ మీద సిమెంటు పలకలు. ఆ పలకలనే మా రికార్డుల్లో ఫుట్‌పాత్ అంటారు. తెల్లవారకముందే కూరగాయల లారీలు, ఎనిమిదింటికి బడి ఆటోలు, రోజంతా ఆర్టీసీ బస్సులు.

పదిహేనేళ్లలో ఆ రోడ్డుకు మూడుసార్లు తారు వేశారు. ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర. ఒక్కో పొర 25 మిల్లీమీటర్లే గానీ, ఎత్తుపల్లాలు సరిచేయడానికి ముందు వేసే మెటీరియల్‌తో కలిపితే రోడ్డు అరజానకు పైగా లేచింది. దుకాణాల గుమ్మాలు ఆ మేరకు పల్లంలోకి పోయాయి. ఆ ఊళ్లో చేరిన వారంలోనే ఇది గమనించాను. దీనికీ గుంతలకూ ఉన్న సంబంధం అర్థం కావడానికి మాత్రం ఏడాది పట్టింది.

వచ్చిన సమస్య

సోమవారం ఫిర్యాదుల కార్యక్రమంలో ఈ రోడ్డు పేరు వినబడని వారం లేదు. గుంతలు మూడు చోట్ల: మందుల దుకాణం ముందు, గుడి మలుపులో, మార్కెట్ గేటు దగ్గర. పూడ్చడం, మళ్లీ పడటం. స్కూటరు మీద కూతుర్ని బడికి తీసుకెళ్తున్న ఒక ఉపాధ్యాయురాలు గుడి మలుపులో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ తర్వాత కౌన్సిలరు మా గదికి వచ్చి, గొంతు పెంచకుండానే అన్నారు: "ఏఈ గారూ, ఈ మూడు గుంతలకు మీరు ఇప్పటికి ఎన్నిసార్లు బిల్లు రాశారో ఒక్కసారి చూసి చెప్పండి." చూశాను. నేను రాకముందువి కూడా కలిపి ఏడు.

మా రిజిస్టరులో మూడింటికీ ఒకే వరుస: "మార్కెట్ రోడ్డు, గుంతలు". నేనూ ఆ వరుసనే నమ్మాను. ఒకే రోడ్డు, ఒకే గుత్తేదారు, ఒకే తారు. కాబట్టి కారణం కూడా ఒకటే అనుకున్నాను.

మొదట చేసినవి

జులైలో క్రషర్ డస్టులో, అంటే కంకర మిల్లు రాతి పొడిలో, కంకర కలిపి, తడిపి, దిమ్మిసతో కొట్టించాం. నాలుగు రోజులు నిలిచింది. దీన్ని తప్పు అనను. వానలు పడుతున్నప్పుడు, అడుగు తడిగా ఉన్నప్పుడు వేడి తారు వేయకూడదని మా స్పెసిఫికేషన్లే చెబుతాయి. పైగా వానాకాలంలో వేడి తారూ కంకరా కలిపి మిక్సు తయారుచేసే హాట్‌మిక్స్ ప్లాంటు కూడా నడవదు. ప్రమాదం జరగకుండా చూడటమే అప్పటి ఉద్దేశం.

వానలు తగ్గాక, నవంబరు ఆఖరులో వేడి తారుతో ప్యాచ్‌వర్క్ చేయించాం. ప్లాంటు 60 కిలోమీటర్ల దూరం. ఒక టిప్పరు మిక్సు తెచ్చి, ఊరంతా తిరుగుతూ చిన్న చిన్న గుంతల్లో పోస్తూ వస్తే మార్కెట్ రోడ్డుకు చేరేసరికి సాయంత్రం నాలుగయింది. టార్పాలిన్ తీసినప్పుడు పొగ రాలేదు. పార మీది నుంచి మిక్సు జారడం లేదు, గడ్డలుగా పడుతోంది. పని ఆపేయాలని తోచింది, ఆపలేదు. మిగిలిన మిక్సును వెనక్కి పంపితే డబ్బు ఎవరిదన్న గొడవ వస్తుంది. జనవరికల్లా మూడు చోట్లా కంకర లేచింది.

దాంతో తప్పు మిక్సుదేనని తేల్చుకున్నాను. మేం వాడే వీజీ-30 రకం తారు మిక్సును పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీల వేడి ఉండాలి, రోలింగు 90 డిగ్రీల లోపు పడిపోకముందే పూర్తవ్వాలి. నాలుగింటికి మేం పోసినదానికి అందులో సగమైనా ఉందో లేదో. గుత్తేదారుకు నోటీసు ఇచ్చి, బిల్లులో కొంత నిలిపేసి, మళ్లీ వేయించాను. ఈసారి టిప్పరును నేరుగా మార్కెట్ రోడ్డుకే రప్పించి, థర్మామీటరు గుచ్చి చూశాను: 146. రోలరు సిద్ధంగా ఉంది. పని చూసి తృప్తిగా ఇంటికి వెళ్లాను.

ఫిబ్రవరిలో వేసిన ఆ ప్యాచ్ గుడి మలుపులో ఏప్రిల్ ఆఖరుకు దిగబడింది. అప్పటికి రెండు నెలలుగా ఒక్క చినుకు లేదు.

గునపం

అక్కడే నా సిద్ధాంతానికి చిల్లు పడింది. మిక్సు చల్లారిపోతే ప్యాచ్ పైనుంచి రాలుతుంది, కంకర లేచి పక్కకు పోతుంది. ఇది రాలలేదు. అన్నం గిన్నెలో గరిటె నొక్కినట్టు, అంచులు చెక్కుచెదరకుండా మొత్తం కిందికి కుంగింది. అంటే లోపం పైపొరలో లేదు, దాన్ని మోయాల్సిన అడుగులో ఉంది.

మా మేస్త్రీ ముప్పై ఏళ్లుగా రోడ్డు గ్యాంగులో ఉన్నాడు. తవ్వి చూద్దామంటే గునపం తెచ్చి నాలుగు పోట్లు పొడిచాడు. అయిదో పోటుకు గునపం మూరెడు దిగింది. బయటికి లాగి మొన నా ముందు పెట్టాడు. జిగట బురద, నల్లగా, చల్లగా. "ఎండలు మండిపోతుంటే కింద ఈ తడేమిటి బాబూ?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు తోచాల్సింది. మర్నాడు అడుగున్నర లోతు గొయ్యి తవ్వించి, బురద తోడించి వదిలేశాం. ఉదయం అయిదున్నరకు వెళ్తే అడుగున తేమ తప్ప నీళ్లు లేవు. ఆరింటికి కుళాయిలు వదిలారు. ఆరుంబావుకు గొయ్యి పక్కగోడ నుంచి నీళ్లు ఊరడం మొదలైంది. అది భూగర్భ జలమో, మురుగు కాలువ ఊటో, మా నీళ్లో తేల్చుకోవాలి. నీటి సరఫరా విభాగం వాళ్ల దగ్గర నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూసే క్లోరోస్కోప్ ఉంటుంది. గొయ్యి గోడ నుంచి కారుతున్న నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే లేత పసుపు రంగు తేలింది. క్లోరిన్ ఉంది, అంటే కుళాయి నీళ్లే.

మంచినీటి మెయిన్ పైపు రోడ్డుకు ఒక వైపే ఉంది. అవతలి ఇళ్ల కనెక్షన్లు తారు కిందుగా దాటుతాయి. అందులో ఒక పాత ఇనుప పైపు, దాన్ని మెయిన్‌కు తగిలించే ఫెర్రూల్‌కు కాస్త అవతల, తుప్పు పట్టి చిల్లిపడింది. పూటకో గంట నీళ్లు వదిలినప్పుడల్లా రోడ్డు అడుగు నానుతుంది. నానిన అడుగు మీద బస్సు చక్రం వెళ్తే మన్ను మెత్తటి ముద్దవుతుంది. పైన 146 డిగ్రీల మిక్సు వేసినా, 160 డిగ్రీలది వేసినా అది చేయగలిగిందేమీ లేదు.

పైపు మార్చాం. కొత్త ప్లాస్టిక్ పైపును ఇంకో పెద్ద పైపు తొడుగులోంచి దాటించాం, ఈసారి చెడితే రోడ్డు తవ్వకుండా లాగి మార్చుకోవచ్చు. బురదంతా తీసి, గ్రావెల్, వెట్‌మిక్స్ (తడిపి కలిపిన కంకర) 15 సెంటీమీటర్ల పొరలుగా వేసి కొట్టించి, తారు వేయకుండా పది రోజులు బండ్లను తిరగనిచ్చాను. దుమ్ము రేగుతోందని దుకాణాలవాళ్లు తిట్టారు. అడుగు కుంగేదైతే తారు ఖర్చు పెట్టకముందే కుంగాలని నా లెక్క. ఒక మూల వేలెడు కుంగింది, సరిచేశాం. తర్వాత తారు.

గుత్తేదారు విషయంలో నాది తొందరపాటు. నవంబరు పనికి నోటీసు న్యాయమే గానీ, గుడి మలుపు వరకు ఆయన ఏం చేసినా నిలిచేది కాదు. పిలిచి ఆ మాట చెప్పి, ఆ భాగానికి ఆపిన మొత్తం విడుదలకు ఫైలు పెట్టాను. ఆయనకు కోపం రాలేదు. "మీకంటే ముందున్న ఇద్దరూ ఆపారు సార్, ఎందుకో చెప్పలేదు," అన్నాడు.

గొడుగు

ఒక గుంత జబ్బు తెలిశాక, మిగిలిన రెండూ అదే జబ్బు అనుకోవడం సులువు. మందుల దుకాణం ముందు కూడా తవ్వించాను. అడుగు పొడిగా, గట్టిగా ఉంది. ఏ లీకూ లేదు. అక్కడ ప్యాచ్ ఏప్రిల్‌లో చెక్కుచెదరలేదు కూడా. జూన్ రెండో వారం మొదటి పెద్ద వానకు లేచిపోయింది.

అప్పుడు చేసిన పని ఇన్నేళ్ల ఉద్యోగంలో నేనెప్పుడూ చేయనిది. వాన పడుతుండగా వెళ్లి నిలబడ్డాను. వాన రోజున మేం ఆఫీసులో ఉంటాం. మర్నాడు గుంతలు లెక్కపెట్టడానికి వెళ్తాం. ఆ రోజు మేస్త్రీ, వార్డు సచివాలయంలో రోడ్లూ కాలువలూ నీళ్లూ చూసే ఎమినిటీస్ కార్యదర్శి, నేను ముగ్గురం టీ కొట్టు పంచన చేరాం. వాన అరగంటలో తగ్గింది. మిగతా రోడ్డు మీది నీళ్లు పావుగంటలో పోయాయి. మందుల దుకాణం ముందు పది మీటర్ల మేర చెరువు. బస్సు వెళ్లినప్పుడల్లా తారు పగుళ్లలోంచి టీ రంగు నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి. చక్రం ఒత్తిడికి నీళ్లు పగుళ్లలోకి దూరి, చక్రం దాటగానే లోపలి మెత్తటి మన్నును పట్టుకుని బయటికి వస్తున్నాయన్నమాట. కంకర చుట్టూ ఉన్న తారు పొరను ఊడదీసేదీ ఆ నీళ్లే. సాయంత్రం దాకా అక్కడ నీళ్లు కదలలేదు. పక్కనే కాలువలో సగం కూడా నీళ్లు లేవు.

మర్నాడు నీళ్ల గొట్టంతో లెవెల్ చూశాం. మూడున్నర మీటర్ల సగం రోడ్డుకు నడుమ నుంచి అంచుకు రెండున్నర శాతం వాలు ఉంటే దాదాపు 9 సెంటీమీటర్ల పల్లం రావాలి. అక్కడ 3 వచ్చింది. బెర్ము తారు అంచు కంటే తక్కువ ఎత్తులో, ఇంకాస్త ఎక్కువ వాలుతో ఉండాలి. అది 6 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. కాలువ గోడ దానికంటే ఎత్తు. దుకాణాలవాళ్లు గుమ్మాల్లోకి నీళ్లు రాకుండా రాళ్లూ మట్టీ సిమెంటూ పోసి ర్యాంపులు కట్టుకోవడంతో రోడ్డు మీది నీళ్లకు దారి లేకుండా పోయింది.

నా మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే: ఆక్రమణ, నోటీసులు, జేసీబీ. పద్నాలుగు నోటీసులిచ్చాం. ఒక ర్యాంపు పగలగొట్టాం. వారం తిరిగేసరికి ఇంకా లావుగా కట్టేశారు. మందుల దుకాణం యజమాని, పెద్దాయన, నన్ను కూర్చోబెట్టి అన్న మాట ఇది: "ఇంజినీరు గారూ, ఈ కొట్టు కట్టినప్పుడు రోడ్డు నా గుమ్మానికి రెండు మెట్ల కింద ఉండేది. మీరు రోడ్డు పెంచారు, నేను గుమ్మం పెంచాను. మీరు మళ్లీ పెంచారు. ఇప్పుడు నన్ను ఆక్రమణదారు అంటున్నారు." సమాధానం దొరకలేదు. ఆయన చెప్పింది మేం చేసిన పనుల కొలతలు రాసుకునే ఎం-బుక్కుల్లోనే ఉంది.

అప్పుడు ప్రశ్న మార్చుకున్నాను. ర్యాంపు తీయించడం ఎలా అని కాకుండా, ర్యాంపుతో ఆయనకు కావలసిందేమిటి అని. రెండే: నీళ్లు లోపలికి రాకూడదు, స్కూటరు ఎక్కాలి. నాకు కావలసింది ఒకటే, ర్యాంపు కిందుగా నీళ్లు పోవాలి. ర్యాంపు కింద పైపు పెడదామని మేస్త్రీని అడిగితే నవ్వాడు. రెండు వారాల్లో ప్లాస్టిక్ సంచులతో పూడిపోతుంది, తీయడానికి చెయ్యి పట్టదు. చివరికి ఇనుప జాలీ ర్యాంపు కుదిరింది. ఒక వైపు కీళ్లు, ఎత్తి ఊడ్చుకోవచ్చు. ఖర్చు దుకాణాలవాళ్లదే. కౌన్సిలరు ముందు తన బంధువు కొట్టుకు పెట్టించారు, దాన్ని చూసి మిగతావాళ్లు.

మా వంతు: బెర్ము చెక్కి తారు అంచు కంటే కిందికి దించి కాలువ వైపు వాలు ఇవ్వడం, కాలువ గోడకు అయిదేసి మీటర్లకు ఒక కన్నం కొట్టడం. ఇంకోటి కూడా ఒప్పుకున్నాను. ఈసారి తారు వేసేటప్పుడు పాత పొరను చెక్కాకే కొత్తది వేస్తామని, రోడ్డు ఎత్తు పెరగదని. చెక్కే యంత్రాన్ని చిన్న ఊళ్లకు రప్పించడం కష్టం. తర్వాత అంచనాలో ఆ పని చేర్చినప్పుడు, "ఉన్న రోడ్డు తీసేయడానికి డబ్బెందుకయ్యా?" అని పై అధికారి అడిగారు. పెద్దాయన గుమ్మం ఫొటో చూపించాను. అంచనా మంజూరైంది.

ఇది పనిచేసిందని తారు వేయకముందే తెలిసిపోయింది. జులైలో బెర్ము దించాక గుంతలో మళ్లీ అదే క్రషర్ డస్టు కొట్టించాం. నిరుడు నాలుగు రోజులు నిలిచినది ఈసారి అయిదు వారాలు నిలిచింది. వానలూ అవే, బస్సులూ అవే.

డిసెంబరులో పద్ధతిగా ప్యాచ్ వేశాం. గుంత ఆకారాన్ని వదిలేసి, గట్టి తారు తగిలేదాకా చదరంగా, అంచులు నిటారుగా కోశాం. ఊడ్చి, అడుగుకూ అంచులకూ టాక్ కోటు, అంటే కొత్త మిక్సు అంటుకోవడానికి పల్చటి తారు పూత, కొట్టి ఆగాం. ఆ పూతకు వాడే ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) పోసినప్పుడు చాక్లెట్ రంగులో ఉంటుంది. అందులో నీరు వేరై నల్లబడ్డాకే మిక్సు పోయాలి. కూలీలకు ఆ పది, ఇరవై నిమిషాలు ఆగడం చాలా కష్టం, ఎదురుగా టిప్పరు ఇంజను మోగుతూ ఉంటుంది. అక్కడ నిలబడి ఆపడమే నా ఉద్యోగమని ఆ రోజు అనిపించింది.

ఫుట్‌పాత్ గురించి కొంచెం

దీన్ని మేం సగమే చేశాం. ఒక్కో దుకాణం ముందు పలక ఒక్కో ఎత్తులో ఉండేది. మధ్యలో విరిగినవి, లేనివి. నడిచేవాళ్లు తారు అంచునే నడిచేవారు, వాళ్లను తప్పించడానికి ఆటోలు నడిమికి వచ్చేవి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 103 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌కు అడ్డంకి లేని వెడల్పు 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మాకున్న కాలువ వెడల్పే 1.2 మీటర్లు. వెడల్పు ఎలాగూ రాదు, కనీసం ఎత్తు ఒకటిగా ఉండాలని బడి ముందు డెబ్బై మీటర్లు మాత్రం తీసుకున్నాం. మొదట నున్నటి రంగు పలకలు వేశాం. చూడముచ్చటగా ఉన్నాయని ఛైర్మన్ మెచ్చుకున్నారు. మొదటి వానకు ఇద్దరు జారారు, ముసలివాళ్లు మళ్లీ తారు మీదికే దిగారు. తీసేసి, చీపురు గీతలు పెట్టిన గరుకు కాంక్రీటు పలకలు వేశాం. ఇప్పుడు పిల్లలు దానిమీదే నడుస్తారు.

ఈ కేసు నా పనిలో మార్చినవి

మా నిర్వహణ డబ్బు "ప్యాచ్‌వర్క్" పద్దు కింద వస్తుంది, చదరపు మీటర్లలో ఎం-బుక్కుకు ఎక్కుతుంది. గుంత పూడిస్తే కొలత ఉంది, బిల్లు ఉంది. కాలువ గోడకు కన్నం కొడితే అందులో ఐటమ్ లేదు. వానలో నిలబడి చూడటానికి ఎలాగూ లేదు. ఏడుసార్లు ఒకే గుంత పూడ్చడానికి కారణం ఎవరి అవినీతో అని మొదట్లో అనుకున్నాను. కొలవగలిగిన పనే జరుగుతూ వచ్చింది, అంతే. బెర్ము పనిని చివరికి కాలువల పూడికతీత పద్దులో చూపించాం, పైపును నీటి సరఫరా పద్దులో. ఆడిట్‌లో ప్రశ్న వచ్చింది, ఫొటోలతో జవాబిచ్చాం.

రిజిస్టరులో "గుంత" పక్కన రెండు గడులు కలిపాను: "వాన తర్వాతా, వాన లేకుండానా?", "నీళ్లు ఎక్కడి నుంచి?". మొదటి గడి ఉండి ఉంటే గుడి మలుపు జబ్బు ముందే తెలిసేది. ఎమినిటీస్ కార్యదర్శులు నెలకోసారి, ఇంకా ప్రతి సీజనులో మొదటి పెద్ద వాన పడుతుండగా, తమ వార్డు రోడ్లు నడిచి చూడాలని పెట్టాం. రెండోది పాటించడం కష్టం. ముగ్గురు పాటిస్తున్నారు, మిగతావాళ్లు మర్నాడు వెళ్తారు. కుళాయి కనెక్షన్ కోసం రోడ్డు తవ్వినవాళ్లే మట్టి తోసి పూడ్చుకునే పద్ధతి ఆపించాం. రుసుము ముందే కట్టించుకుని మా గ్యాంగే పొరలు పొరలుగా పూడుస్తుంది.

మార్కెట్ గేటు

మూడో గుంత ఇంకా పూర్తిగా నయం కాలేదు. అక్కడ పైపు లీకూ లేదు, వాలు సమస్యా లేదు. లారీలు గేటులోకి తిరగడానికి నిలబడిన చోటే చక్రాలు తిప్పుతాయి. ఆ రాపిడికి తారు పక్కకు జరిగి మడతపడుతుంది. దానికి తోడు కూరగాయలు కడిగిన నీళ్లు రోజూ రెండు పూటలా పారతాయి. తారు అక్కడ పనికిరాదని తేల్చి, 80 మిల్లీమీటర్ల మందం కాంక్రీటు బ్లాకులు పరిపించాం. ఏకంగా కాంక్రీటు వేయకపోవడానికి కారణం, కింద మంచినీటి వాల్వు ఉంది. బ్లాకులైతే ఎత్తి మళ్లీ పెట్టుకోవచ్చు.

రెండు వానాకాలాలు గడిచాయి. గుడి మలుపు, మందుల దుకాణం రెండూ గట్టిగా ఉన్నాయి. గేటు దగ్గర మాత్రం తారూ బ్లాకులూ కలిసే అంచున నాలుగు బ్లాకులు కదులుతున్నాయి. అంచుకు కట్టిన కాంక్రీటు బద్ద సన్నగా ఉందని మేస్త్రీ అంటున్నాడు. కాలువ వైపు నుంచి ఇసుక జారిపోతోందని నా అనుమానం. వచ్చే శనివారం మార్కెట్ సెలవు. ఆ నాలుగూ ఎత్తి చూస్తాం.